ప్రతిభ ఉండీ వ్యసనంలో పడ్డ సెలబ్రిటీలు మనకు స్ఫూర్తి కాగలరా? తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యసనంలో పడ్డ మనిషి ఎవరికైనా స్ఫూర్తి ఎలా అవుతాడు?

అవుతాడు. అయితే దేనివల్ల అన్నది ముందు తేల్చుకోవాలి. ప్రతిభ చూసి మనం వాళ్లకు అభిమానులమవుతాం. పాట వింటాం, ఆట చూస్తాం. కానీ తాగుడులోనో డ్రగ్స్‌లోనో కూరుకుపోయిన మనిషికి ఆ పాటా ఆ ఆటా పెద్దగా అక్కరకు రావు. అంత పేరున్న మనిషి కూడా ఒక రోజు "ఇక నా వల్ల కావట్లేదు, సాయం చేయండి" అని నోరు తెరిచి అడిగాడన్న సంగతి మాత్రం అక్కరకొస్తుంది. ఆ ఒక్క మాట పెదవి దాటడానికే చాలామందికి ఏళ్లు పడుతుంది.

ఎల్టన్ జాన్ ఆ మాట 1990లో అన్నారు. అప్పటికే ప్రపంచమంతా తెలిసిన గాయకుడు. చికిత్సకు చేరినప్పుడు వాషింగ్ మెషీన్ ఎలా వాడాలో కూడా తెలియని స్థితిలో ఉన్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. స్టేడియంలు నింపిన మనిషి తన బట్టలు తాను ఉతుక్కోవడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టారు. నాకు ఆయన అందుకున్న అవార్డులన్నిటికన్నా ఈ చిన్న వివరమే ఎక్కువ ధైర్యం ఇస్తుంది. ఎందుకంటే అవార్డు అందరికీ రాదు, బట్టలు ఉతుక్కోవడం ఎవరైనా చేయగలరు.

మత్తు వల్లే వాళ్లకు ఆ ప్రతిభ వచ్చిందంటారు కదా?

అది అబద్ధం, చాలా ప్రాణాల మీదికి తెచ్చిన అబద్ధం. గొప్ప కళాకారుడంటే గుండెల్లో బాధ, చేతిలో గ్లాసు ఉండాలన్న బొమ్మ ఒకటి మన బుర్రల్లో పడిపోయింది. కొత్తగా పాడేవాళ్లు, రాసేవాళ్లు దాన్ని నమ్మి, తాగితేనే మూడ్ వస్తుందని మొదలుపెడతారు. కొన్నాళ్లకు మూడ్ పోతుంది, తాగుడు మిగులుతుంది.

రచయిత స్టీఫెన్ కింగ్ 1980ల్లో తాగుడు, కొకైన్ రెండింట్లోనూ మునిగి ఉన్నారు. ఆ రోజుల్లో రాసిన ఒక నవల గురించి, అది రాసినట్టే సరిగా గుర్తులేదని, అందులోని మంచి భాగాలు రాస్తున్నప్పటి ఆనందమైనా గుర్తుండి ఉంటే బాగుండేదని ఆయనే రాసుకున్నారు. ఎంత బాధాకరమైన మాట అది! సొంత పుస్తకం, చేసిన కష్టం సొంతం, ఆ జ్ఞాపకం మాత్రం లేదు. చివరికి ఆయన భార్య టబితా ఇంటివాళ్లని, స్నేహితుల్ని కూర్చోబెట్టి, ఆయన రాసుకునే గదిలోని చెత్తంతా సంచిలో తెచ్చి అందరి ముందూ కుమ్మరించారు. బీరు డబ్బాలు, సిగరెట్ పీకలు, కొకైన్ సీసాలు, దగ్గు మందు, ఆఖరికి మౌత్‌వాష్ సీసాలు కూడా. మానేస్తే ఇక రాయలేనేమోనని ఆయన భయపడ్డారు. రాయడం పోయినా ఫర్వాలేదు, సంసారం నిలబడాలి, పిల్లలు పెరగడం కళ్లారా చూడాలి అనుకుని మానేశారు. రాయడం పోలేదు. ఆ తర్వాత ఆయన రాసిన పుస్తకాలు పదుల్లో ఉన్నాయి.

కథారచయిత రేమండ్ కార్వర్ 1977 జూన్‌లో తాగుడు మానేశారు. ఆయన పేరు నిలబెట్టిన సంపుటాల్లో రెండు 1981లో, 1983లో వచ్చాయి. మానేశాక 11 ఏళ్లే బతికారు, కానీ ఆ ఏళ్లను తనకు అదనంగా దక్కిన భాగ్యంగా చెప్పుకున్నారు.

మరి ఈ అపోహ ఎందుకు పోదు? ప్రతిభ గట్టిది. మత్తు దాన్ని తినేస్తున్నా కొంతకాలం నిలబడుతుంది. మనకు విడుదలైన పాట కనబడుతుంది. రద్దయిన కచేరీలు, సగంలో ఆగిన పుస్తకాలు, అసలు మొదలవకుండానే పోయిన సినిమాలు కనబడవు. కనబడని ఆ లెక్క కూడా వేస్తే, మత్తు ఎంత ఇచ్చిందో ఎంత మింగిందో తెలుస్తుంది.

వాళ్లకు డబ్బుంది, పెద్ద డాక్టర్లున్నారు. మామూలు మనుషులకు ఆ కథలు ఏం పనికొస్తాయి?

న్యాయమైన ప్రశ్న. ఇది అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో తాగే మనిషితో వేగుతున్న ఆడవాళ్లే. డబ్బు వల్ల తేడా ఉండదని చెప్పడం అన్యాయం. మంచి చికిత్స, నెలల తరబడి పని మానేసి కూర్చోగల వెసులుబాటు, మంచి లాయరు, అన్నీ డబ్బుతోనే వస్తాయి. ఒక నటుడు మూడుసార్లు రిహాబ్‌కి వెళ్లొస్తే పత్రికలు పోరాటం అంటాయి. రోజుకూలీ మూడు రోజులు పనికి రాకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఈ తేడాను దాచిపెట్టి స్ఫూర్తి గురించి మాట్లాడితే వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది, మండాలి కూడా.

అయితే డబ్బుకు రెండో ముఖం ఉంది. హాలీవుడ్ టీవీ నటుడు మాథ్యూ పెర్రీ మానేయడానికి చేసిన ప్రయత్నాలకు దాదాపు 90 లక్షల డాలర్లు ఖర్చయిందని చెప్పారు. ఆయన 2023 అక్టోబర్ 28న, 54 ఏళ్లకే కెటమైన్ అనే మత్తుమందు ప్రభావంతో చనిపోయారు. ఆ మందు ఆయనకు చేర్చిన కేసులో నేరం ఒప్పుకున్నవాళ్లలో ఇద్దరు డాక్టర్లు, ఆయన సొంత అసిస్టెంటు కూడా ఉన్నారు. డబ్బున్న రోగికి చికిత్స చేసేవాళ్లు దొరికినట్టే, మత్తు తెచ్చిచ్చేవాళ్లూ క్యూ కడతారు. వద్దని చెప్పేవాళ్ల జీతాలు కూడా ఆయన చేతిలోనే ఉంటాయి. పేరున్న మనిషి చుట్టూ "ఇక చాలు" అనగల ధైర్యమున్నవాళ్లు ఉండటం చాలా అరుదు. ఆ విషయంలో మామూలు ఇల్లే నయం. అక్కడ మొహం మీదే తిట్టే తల్లి ఉంటుంది, సీసా లాక్కునే కూతురు ఉంటుంది.

పైగా, మానేసి నిలబడ్డవాళ్లు చివరికి చేసే పని ఎవరైనా చేయగలిగిందే. రోజూ ఒక మనిషితో నిజం మాట్లాడటం. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు సాయపడే సంస్థ ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైంది, దాని సమావేశాల్లో ఫీజు ఉండదు. అక్కడ పక్క కుర్చీలో కూర్చున్నది సినిమా నటుడా, లారీ డ్రైవరా అన్నది ఎవరికీ పట్టదు.

రాబర్ట్ డౌనీ జూనియర్ పేరే అందరూ ఎందుకు చెప్తారు?

ఆ కథకు ముగింపు బాగుంది కాబట్టి. జైలుకు వెళ్లిన నటుడు 2008లో ఐరన్ మ్యాన్ అయ్యాడు, 2024 మార్చిలో ఆస్కార్ అందుకున్నాడు. రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు, వినడానికి హాయిగా ఉంటుంది. ఆ రెండు ముక్కల మధ్యలో ఉన్నదే అసలు కథ, దాన్నే అందరూ వదిలేస్తారు.

1996లో ఆయన అరెస్టయ్యారు. కారులో హెరాయిన్, కొకైన్, తుపాకీ దొరికాయి. నెల తిరక్కముందే మత్తులో పక్కింట్లోకి వెళ్లి వాళ్ల పిల్లవాడి మంచం మీద పడి నిద్రపోయారు. కోర్టు చెప్పిన డ్రగ్ టెస్టులకు పదే పదే వెళ్లకపోవడంతో 1999లో జైలు శిక్ష పడింది. దాదాపు ఏడాది లోపల ఉండి, 2000 ఆగస్టులో బయటికొచ్చారు. వెంటనే టీవీలో మంచి పాత్ర దొరికింది, ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. కథ అక్కడితో సుఖాంతం కావాల్సింది. కానీ అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ అరెస్టు. 2001 జనవరిలో ఆ పాత్రకే గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఏప్రిల్‌లో ఇంకో అరెస్టు, ఆ సీరియల్ నుంచి తీసేశారు.

ఆ వరస మళ్లీ ఒకసారి చదవండి. జైలు భయం ఆయన్ని మాన్పించలేదు. అవార్డు మాన్పించలేదు. అభిమానుల ప్రేమ కూడా మాన్పించలేదు. 2001లోనే కోర్టు జైలుకు బదులు చికిత్సకు పంపింది, 2003 నుంచి ఆయన నిలబడ్డారు. అప్పుడు కూడా సినిమాల్లోకి తీసుకోవడానికి ఇన్సూరెన్స్ కంపెనీలు ఒప్పుకోలేదు. షూటింగ్ మధ్యలో మళ్లీ మొదలుపెడితే నష్టం ఎవరు భరిస్తారన్నది వాళ్ల భయం. ఆ సమయంలో మెల్ గిబ్సన్ తన పూచీ మీద ఒక సినిమాకు ఆ ఖర్చు భరించారు. ఆస్కార్ వేదిక మీద డౌనీ తన భార్యకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. తనకు ఇన్సూరెన్స్ ఇప్పించడానికీ బెయిలు తేవడానికీ ఏళ్ల తరబడి తిరిగిన లాయరునూ తలుచుకున్నారు.

కాబట్టి ఈ కథ ఎవరికైనా చెప్పాలనుకుంటే ఐరన్ మ్యాన్ దగ్గర మొదలుపెట్టకండి. 2001 ఏప్రిల్ దగ్గర మొదలుపెట్టండి. ఆ రోజు ఆయన్ని చూసినవాళ్లలో ఎక్కువమంది ఇక అయిపోయింది అనుకున్నారు. మీ ఇంట్లో కూడా ఇవాళ ఆ ఏప్రిలే నడుస్తూ ఉండొచ్చు.

ఇంతకీ వ్యసనం జబ్బా, మనసు బలహీనతా?

జబ్బు. తాగుడు వ్యసనాన్ని వైద్యం చేయదగ్గ అనారోగ్యంగా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1956లోనే గుర్తించింది. ఎవరికి వ్యసనం పట్టుకుంటుంది అన్నదాంట్లో దాదాపు సగం పాత్ర వంశపారంపర్యంగా వచ్చే జన్యువులది. మిగతాది చిన్నప్పటి దెబ్బలు, ఒత్తిడి, చుట్టూ ఉన్న మనుషులు, మత్తు ఎంత తేలిగ్గా దొరుకుతుందన్నది. మత్తు పదార్థం మెదడులో డోపమైన్ అనే, సంతోషంతో ముడిపడ్డ రసాయనాన్ని ఉప్పెనలా పెంచుతుంది. అలా పదే పదే జరిగాక మామూలు సంతోషాలు చప్పగా అనిపిస్తాయి. వద్దనుకునే శక్తి ఎక్కడుంటుందో మెదడులో ఆ భాగమే దెబ్బతింటుంది. "గట్టిగా అనుకుంటే మానలేడా" అని అడిగేవాళ్లు గమనించాల్సింది ఇదే.

జబ్బు అన్నంత మాత్రాన బాధ్యత పోదు. షుగర్ రావడం ఎవరి తప్పూ కాదు, మందు వేసుకోవాల్సింది మాత్రం ఆ మనిషే.

మానేశానని అందరికీ చెప్పి మళ్లీ మొదలుపెడితే స్ఫూర్తి అంతా వృథా కాదా?

కాదు. ఈ జవాబు కొంచెం నింపాదిగా చదవండి.

అమెరికా ప్రభుత్వ సంస్థ నిడా లెక్క ప్రకారం, చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది ఏదో ఒక దశలో మళ్లీ మత్తు వైపు వెళ్తారు. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టేది కూడా ఇంచుమించు అంతే. బీపీ పెరిగితే మనం రోగిని మోసగాడు అనం, మందు మారుస్తాం. ఇక్కడా అంతే జరగాలి.

1971లో డొనాల్డ్ మైకెన్‌బామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాములంటే భయపడేవాళ్లతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఏ మాత్రం బెదరకుండా పామును పట్టుకునే మనిషిని చూపించారు. ఇంకొందరికి మొదట వణికి, తనకు తాను ధైర్యం చెప్పుకుంటూ మెల్లగా పట్టుకున్న మనిషిని చూపించారు. రెండో మనిషిని చూసినవాళ్లకే భయం ఎక్కువ తగ్గింది. భయమే లేనివాడు వేరే జాతి మనిషిలా అనిపిస్తాడు. వణికినవాడు మనవాడు అనిపిస్తాడు. సెలబ్రిటీల విషయంలోనూ ఇదే చూస్తుంటాం. ఒకే దెబ్బకు మానేశానని చెప్పేవాళ్లకన్నా, జారి లేచినవాళ్ల మాటే మనసుకు తగులుతుంది. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1982లో చికిత్సకు వెళ్లి, బయటికొచ్చి మళ్లీ తాగారు. 1987లో మళ్లీ వెళ్లారు. 1991లో నాలుగేళ్ల కొడుకు ఎత్తైన భవనం కిటికీలోంచి పడి చనిపోయినప్పుడు కూడా ఆయన తాగలేదు. తాగి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు.

కానీ జారడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, దానికి ప్రాణభయం ఉంది. నటుడు ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ 22 ఏళ్ల వయసులోనే మత్తు మానేసి 23 ఏళ్లు నిలబడ్డారు. ఆ తర్వాత మళ్లీ మొదలైంది. 2014 ఫిబ్రవరి 2న, 46 ఏళ్ల వయసులో, హెరాయిన్‌తో సహా రకరకాల డ్రగ్స్ కలిసి ఆయన ప్రాణం తీశాయి. చాలాకాలం మానేసిన ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. పాత మోతాదే తీసుకుంటే అదే ఓవర్‌డోస్ అవుతుంది. మానేసి కొన్నాళ్లయిన మనిషి మళ్లీ మొదలుపెట్టాడని తెలిస్తే ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని చెప్పేది అందుకే.

హాఫ్‌మన్ 23 ఏళ్లు ఓడిపోయిన ఏళ్లు కావు. ఆయన చేసిన గొప్ప నటన అంతా ఆ ఏళ్లలోనిదే.

చనిపోయినవాళ్లు స్ఫూర్తి ఎలా అవుతారు? వాళ్లు హెచ్చరిక మాత్రమే కదా?

హెచ్చరికగా వాడేసి వదిలేయడం వాళ్లకు అన్యాయం చేసినట్టే. మనవాళ్లకు సావిత్రి పేరు చెప్తే చాలు, తాగి పాడైపోయిందంటూ ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ మహానటి అనారోగ్యంతో ఏడాదికి పైగా కోమాలో ఉండి 1981 డిసెంబర్ 26న కన్నుమూశారు. ఆఖరి ఏళ్లలో ఆమెకు కావాల్సింది చికిత్స. దక్కింది ఎక్కువగా జాలి, పుకార్లు.

బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ 2011 జూన్‌లో బెల్‌గ్రేడ్ వేదిక మీద నిలబడలేక, పాట గుర్తురాక తడబడుతుంటే వేలమంది కేకలు వేసి ఎగతాళి చేశారు. జబ్బుతో ఉన్న 27 ఏళ్ల అమ్మాయిని చూసి వేసిన కేకలవి. ఐదు వారాలు తిరిగేసరికి, జులై 23న ఆమె లేరు. కొన్ని రోజులు తాగకుండా ఉండి మళ్లీ తాగినప్పుడు ఇది జరిగింది. ఆమె రక్తంలో 100 మిల్లీలీటర్లకు 416 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉంది. బ్రిటన్‌లో అప్పట్లో డ్రైవింగ్‌కు ఉన్న హద్దు 80. ఆ సెప్టెంబర్‌లో, ఆమె పుట్టినరోజున, కుటుంబం ఆమె పేరు మీద ఒక ఫౌండేషన్ మొదలుపెట్టింది. మత్తు గురించి యువతకు చెప్పడం, సాయం చేయడం దాని పని.

ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్‌కు 2002లో లివర్ మార్చారు. ఆ తర్వాత కూడా తాగారు. 2005 నవంబర్‌లో ఆసుపత్రి మంచం మీద, ఒళ్లంతా పసుపు పచ్చగా మారిన తన ఫొటోను ఒక పత్రికలో వేయమన్నారు. నాలాగా చావకండి అన్నది ఆయన కోరిన సందేశం. కొన్ని రోజులకే, 25న చనిపోయారు. అందగాడన్న పేరుతో పత్రికల కవర్ల మీద బతికిన మనిషి, ఆ మొహాన్ని అలా చూపించడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. తనను తాను కాపాడుకోలేకపోయినా, పోయే ముందు ఒక మంచి పని చేశారు.

పెర్రీ కూడా అంతే. తను పోయాక టీవీలో తనకు పేరు తెచ్చిన పాత్రకన్నా ముందు, మానేయడానికి ఇతరులకు చేసిన సాయమే జనం గుర్తుచేసుకోవాలని చెప్పారు. 2013లో తన సొంత ఇంటినే, మానేస్తున్న మగవాళ్లు ఉండే చోటుగా మార్చారు. ఆయన చనిపోయారన్నది ఎంత నిజమో, అక్కడ కోలుకుని ఇళ్లకు వెళ్లినవాళ్లు ఉన్నారన్నదీ అంతే నిజం.

ఆడవాళ్ల విషయంలో నింద ఎక్కువ ఎందుకు?

మగవాడు తాగితే అలవాటు, ఆడది తాగితే బరితెగింపు అన్న చూపు వల్ల. ఈ చూపుకు భయపడే చాలామంది ఆడవాళ్లు చికిత్సకు ఆలస్యంగా వస్తారు. 1978లో అమెరికా మాజీ అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ తనకు మద్యం, మాత్రల వ్యసనం ఉందని బయటికి చెప్పడం అందుకే పెద్ద విషయమైంది. ఆమెను మొదట కూర్చోబెట్టి నిలదీసింది ఇంట్లోవాళ్లే, ఆమెకు విపరీతమైన కోపం వచ్చింది కూడా. నాలుగేళ్లకు, 1982లో, ఆమె పేరుతో చికిత్సా కేంద్రం వచ్చింది. నటి, దర్శకురాలు పూజా భట్ 2016 డిసెంబర్‌లో తాగుడు మానేసి, ఆ సంగతి దాచుకోకుండా మాట్లాడుతూ వస్తున్నారు. ఆమె మాటలు విని ఇంకొక ఆడమనిషి డాక్టరు దగ్గర నోరు విప్పితే చాలు.

సెలబ్రిటీ అన్నాక తన వ్యసనం గురించి బయటికి చెప్పాల్సిందేనా?

అక్కర్లేదు. అభిమానం అప్పు కాదు, వాళ్ల వైద్యం వివరాలతో తీర్చడానికి. ఆల్కహాలిక్స్ అనానిమస్ నియమాల్లో ఒకటి, పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యులు తమ సభ్యత్వం బయటపెట్టకూడదని. ఒక ప్రసిద్ధుడు ఆ సంస్థకు ముఖంగా మారి, రేపు మళ్లీ తాగితే, "అక్కడికి వెళ్లినా లాభం లేదు" అని వేలమంది వెనక్కి తగ్గుతారు. ఆ ముందుచూపు నాకు చాలా నచ్చుతుంది.

ఇంకో మాట. మానేసి మూడు వారాలు కాకముందే ఇంటర్వ్యూలు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. మైకు ముందు చప్పట్లు పడితే లోపల పని అయిపోయిందనిపిస్తుంది. అప్పటికి అసలు పని మొదలై ఉండదు.

మత్తులో ఇతరులకు హాని చేసినవాళ్లను కూడా మెచ్చుకోవాలా?

కోలుకోవడాన్ని మెచ్చుకోవచ్చు, చేసిన హానిని మాఫీ చేయక్కర్లేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1990లో తాగి కారు నడిపిన కేసులో జైలుకు వెళ్లారు. ఎవరి ప్రాణమైనా పోయి ఉండేది. 1996లో తోటి ఆటగాళ్ల ముందు తను తాగుడుకు బానిసనని ఒప్పుకున్నారు. 2000లో ఆటగాళ్ల చికిత్స కోసం స్పోర్టింగ్ ఛాన్స్ క్లినిక్ పెట్టారు. రెండూ ఆయన చేసినవే, రెండూ కలిపే చెప్పాలి. దెబ్బ తిన్నవాళ్లు క్షమించాలా వద్దా అన్నది వాళ్లిష్టం. అభిమానులకు ఆ అధికారం లేదు.

మా పిల్లవాడు ప్రాణంగా అభిమానించే నటుడు డ్రగ్స్ కేసులో దొరికాడు. వాడికేం చెప్పాలి?

"చూశావా నీ హీరో!" అని మాత్రం అనకండి. ఆ మాటతో వాడు మీకు దూరమై ఆ హీరోకి ఇంకా దగ్గరవుతాడు. ముందు వాడేమనుకుంటున్నాడో అడగండి. అతని నటన నిజంగానే బాగుంటుందని, అతనికి నిజంగానే జబ్బు చేసిందని, రెండూ ఒకే మనిషిలో ఉంటాయని చెప్పండి. పిల్లలకు ఇది అర్థమవుతుంది, మనమనుకున్నదానికన్నా బాగా. తర్వాత అసలు మాట చెప్పండి: "నీకెప్పుడైనా ఇలాంటిది ఎదురైతే, ఎంత రాత్రయినా సరే, ముందు నాకు చెప్పు. తిట్టను." ఆ మాట మీద నిలబడగలిగితేనే అనండి.

ఇంట్లో తాగే మనిషికి ఈ కథలు చెప్తే మారతాడా?

చెప్పే తీరును బట్టి. "వాడు మానేశాడు, నువ్వెందుకు మానలేవు" అని కర్రలా వాడితే, వినే మనిషి ఇంకా కుంగిపోయి ఇంకో గ్లాసు తాగుతాడు. ఒక తల్లి మాతో ఎన్నోసార్లు ఇదే చెప్పుకుంది. కొడుకుకు డౌనీ వీడియోలు పంపేది, అతను చూసేవాడు కాదు. ఒకసారి వీడియో పంపకుండా ఆదివారం పొద్దున, అతను తాగకముందు, పక్కన కూర్చుని, "ఇతను కూడా జైలు నుంచి వచ్చాక మళ్లీ పడ్డాడంటరా" అంది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎన్నిసార్లు?" అని అడిగాడు. ఆ ప్రశ్నతో వాళ్ల మధ్య మొదటిసారి గొడవ లేని సంభాషణ జరిగింది. అతను ఆ రోజే మానలేదు. కొన్ని నెలల తర్వాత డాక్టరును కలవడానికి ఒప్పుకున్నాడు.

మత్తులో ఉన్నప్పుడు చెప్పకండి. పది మందిలో చెప్పకండి. గెలిచిన చోటు కాకుండా పడ్డ చోటు చెప్పండి. అంతకుమించి నాకు తెలిసిన కిటుకు ఏదీ లేదు.

దొరికిపోయిన సెలబ్రిటీ మీద మీమ్స్ వేస్తే వచ్చిన నష్టమేంటి?

ఆ సెలబ్రిటీ దాన్ని చూడకపోవచ్చు. మీ గ్రూపులో గుట్టుగా తాగే స్నేహితుడు చూస్తాడు. తన సంగతి బయటపడితే ఏమవుతుందో అతనికి అర్థమైపోతుంది.

నేనే వ్యసనంలో ఉన్నాను. స్ఫూర్తి వచ్చింది, రేపటి నుంచి మానేద్దామనుకుంటున్నాను. మొదట ఏం చేయాలి?

చాలా సంతోషం. కానీ రోజూ బాగా తాగే అలవాటుంటే రేపు ఒక్కసారిగా, ఒంటరిగా ఆపేయకండి. ఒళ్లు వణకడం, ఫిట్స్, లేనివి కనబడటం, మతి చలించడం లాంటివి వస్తాయి, వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చు. ఒక్క రాత్రిలో అన్నీ విసిరికొట్టి మానేశాడన్న హీరో కథల్లో ఈ ముక్క ఉండదు. నిద్రమాత్రల అలవాటు ఉన్నవాళ్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మానసిక వైద్యుణ్ణో, డీ అడిక్షన్ సెంటర్‌నో కలవండి. ఎంత తాగుతున్నారో, ఇంకేమైనా కలుపుతున్నారో నిజం చెప్పండి, సగానికి తగ్గించి చెప్పకండి. మందు మోతాదు దాన్ని బట్టే ఇస్తారు. తాగాలన్న తహతహ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మందులున్నాయి. హెరాయిన్ లాంటి వాటికి బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ ఇస్తారు. మందు వాడితే నిజంగా మానినట్టు కాదని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఇంకొక మనిషిని వెతుక్కోండి. అమెరికన్ ర్యాప్ గాయకుడు ఎమినెమ్ 2007 చివర్లో ఓవర్‌డోస్‌తో చావు అంచుదాకా వెళ్లొచ్చి, 2008 ఏప్రిల్ నుంచి మానేశారు. ఆ రోజుల్లో ఆయనకు తరచూ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగింది ఎల్టన్ జాన్. 18 ఏళ్ల ముందు మానేసిన మనిషి, కొత్తగా మానేస్తున్న మనిషికి ఫోన్ చేయడం. మీకు ఫోన్ చేసేది ప్రసిద్ధుడు కానక్కర్లేదు. మీ డాక్టరును అడిగితే, మానేసి కొన్నేళ్లయినవాళ్లు కూర్చునే సమావేశం ఎక్కడ జరుగుతుందో చెప్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ మాట్లాడక్కర్లేదు, వెనక వరసలో కూర్చుని వినొచ్చు. వచ్చేటప్పుడు ఒకరి ఫోన్ నంబర్ తీసుకోండి, తాగాలనిపించిన రాత్రి ముందు ఆ నంబర్‌కి ఫోన్ చేయండి.